బెంగ మేస్త్రిగారి పంతొమ్మిది రోజులు, ముప్పై అయిదేళ్లు

పంతొమ్మిది వందల తొంభై, జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మన రేవు వర్క్‌షాపు గేటు ముందు ఇరవై అయిదేళ్ల యువకుడొకరు నియామక పత్రం చేతపట్టుకుని వానలో నిలబడి ఉన్నారు. విధులలో చేరవలసిన సమయం ఎనిమిది గంటలు. "లోపలికొచ్చి కూర్చోవయ్యా, తడిసిపోతున్నావు" అని వాచ్‌మన్ జాలిపడితే, "ఎనిమిదింటికి రమ్మన్నారండీ. ముందే వస్తే ఏమైనా అనుకుంటారేమో" అన్నారట. ఆ యాభై నిమిషాలూ బయటే నిలబడి, పత్రం తడవకుండా చొక్కా లోపల దాచుకుని, దాచుకున్నందుకు అది నలిగిపోయిందేమోనని మళ్ళీ బెంగపెట్టుకుని, చివరికి జలుబుతో విధులలో చేరిన ఆ ఫిట్టరుగారే నేడు ప్రధాన మేస్త్రి హోదాలో పదవీ విరమణ చేస్తున్న, మనమందరం గౌరవంగానూ చనువుగానూ బెంగ మేస్త్రిగారని పిలుచుకునే పెద్దమనిషి.

ఈ ముద్దుపేరును అచ్చువేయడానికి వారి అనుమతి కోరాం. "పేరుదేముంది, వేసుకోండి" అన్నారు. కానీ ఒక షరతు పెట్టారు. "మంచిమాటలు ఎన్నైనా రాయండి, వద్దనను, మా మనవరాలు చదువుకుంటుంది. ఆ పంతొమ్మిది రోజుల సంగతి మాత్రం మింగేయకండి. అది లేకపోతే మిగతాదంతా అబద్ధమే." అభినందన సంచికలో ఇటువంటి ప్రసంగం సముచితమా అని మన ఉద్యోగుల సంఘంలో కొంత తర్జనభర్జన జరిగినమాట వాస్తవం. ఆయన పట్టు వీడలేదు. కనుక ఆయన చెప్పినట్టే, ఆయన చెప్పినంతా రాస్తున్నాం.

మన పడవలు ఏడు. నది సముద్రంలో కలిసే చోట ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు రోజూ వేలమందిని దాటించే ఆ ఏడింటినీ నీటి మీద నిలబెట్టేది ఇంజను ఒక్కటే కాదు; ఎవరి కంటా పడని బోల్టులు, బందులు, కొక్కేలు, వాల్వులు. ఉప్పునీటిలో లోహం ఊరుకోదు. ఉక్కు బోల్టు అల్యూమినియం రేకులో ఏడాది కదలకుండా కూర్చుంటే రెండూ కలిసి ఒకే ముద్ద అయిపోతాయి. అలా పట్టేసినవాటిని విరగకుండా విప్పడం, విప్పినవి మళ్ళీ పట్టేయకుండా చూడడం, ఇదే ఆయన ఉద్యోగం. వినడానికి ఇంతే.

ఈ విద్యను ఆయనకు నేర్పినవారు నాటి పెద్ద మేస్త్రిగారు. పట్టేసిన బోల్టును చూడగానే పానా ఎత్తకూడదని, చమురు పోసి ఒక పూట దాని మానాన దాన్ని వదిలేయాలని, నెత్తి మీద కాక చుట్టూ మెల్లగా తట్టాలని, వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి చూడాలని, విప్పేముందు వెంట్రుకవాసి బిగించి అప్పుడు వెనక్కి తిప్పాలని వారు చెప్పేవారు. తిరిగి బిగించేటప్పుడు మరకు గ్రీజు రాయనివాడు ఫిట్టరే కాదనేవారు. అన్నిటికంటే ముఖ్యంగా, పిడికి పొడవాటి పైపు తొడిగి బలం చూపించవద్దని మరీమరీ హెచ్చరించేవారు. "నీ బలం నీకు తెలుస్తుంది కానీ దాని బలం నీకు తెలీదు" అన్న వారి మాటను మన మేస్త్రిగారు మొదటి ఏడునెలలూ తు.చ. తప్పకుండా పాటించారు.

ఎనిమిదో నెలలో తప్పారు.

మూడో నంబరు పడవ అడుగున, నీటిమట్టానికి దిగువన, ఇంజను చల్లబడడానికి బయటి నీళ్లను లోపలికి తెచ్చే రంధ్రం ఒకటి ఉంది. దాని మీద ఇత్తడి వాల్వు, వాల్వు నుంచి ఇంజనుకు రబ్బరు గొట్టం. గొట్టం ఎప్పుడైనా ఊడితే ఆ వాల్వు మూసేయాలి; మూసుకోకపోతే నది పడవలోకి వస్తుంది. మర్నాడు తనిఖీ అధికారి వస్తారనగా ఆ వాల్వు తెరిచినచోటే పట్టేసి ఉంది. పెద్ద మేస్త్రిగారు జ్వరంతో సెలవులో ఉన్నారు. సూపరింటెండెంటుగారు కిందికి వంగి, "ఏమయ్యా, అవుతుందా, అవదా? అవదంటే ఇప్పుడే చెప్పు, ఇంకొకణ్ణి పిలుస్తాను" అన్నారు. ప్రొబేషన్‌లో ఉన్న మనిషి. కొత్తగా పెళ్లయిన మనిషి. మూరెడు పైపుముక్క తెచ్చి పిడికి తొడిగి, ఉన్న బరువంతా దాని మీద వేశారు.

టక్కుమంది. వేలు విరుచుకుంటే వచ్చేపాటి చప్పుడు. ఆ తర్వాత పిడి వెన్నలో కత్తిలా తిరిగింది.

సూపరింటెండెంటుగారు స్వయంగా వంగి రెండు వేళ్లతో పిడిని అటూ ఇటూ తిప్పి, "భేష్! ఇదీ పనంటే!" అని వీపు తట్టారు. టీ తెప్పించారు. మర్నాడు తనిఖీ అధికారి కూడా రెండు వేళ్లతోనే తిప్పి, తృప్తిగా తలాడించి, కాగితం మీద సంతకం చేసి వెళ్లారు. అందరూ సంతోషించారు. ఆయనకు మాత్రం అనుమానం తీరలేదు. పట్టు వదిలిన వాల్వు ఎంత వదిలినా చేతికి కొంచెం బరువు తెలుస్తుంది, లోపల నీటిదారిని మూసే గుండు కదులుతున్న సంగతి అరచేతికి అందుతుంది. దీనికి అదేమీ లేదు. పిడిని గుండుతో కలిపే లోపలి కాడ విరిగి, పిడి ఒక్కటే ఊరికే తిరుగుతోందా? గుండు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయిందా?

ఇంజను ఆడుతుండగా పిడి మూసి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోయే విషయమే. మూసినా, ఇంజనును చల్లబరిచి బయటికి పోయే నీళ్లు పడవ పక్కనుంచి చిమ్ముతూనే ఉంటే వాల్వు మూసుకోలేదన్నమాట. కానీ తేలితే చెప్పక తప్పదు, చెబితే ఉద్యోగం ఉండదు. అందుకని ఆయన చూడలేదు. తెలుసుకోవడానికే భయపడ్డారు. ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయమని మాకు రెండుసార్లు చెప్పారు.

ఆ మూడో నంబరు పడవ ఉదయం ఎనిమిదీ పదికి నూట పదిమందితో బయలుదేరేది. ఆ నూట పదిమందిలో అవతలి ఒడ్డున కుట్టుమిషన్ల కర్మాగారంలో పనిచేసే వారి శ్రీమతి ఒకరు. ఆవిడకు అప్పుడు అయిదో నెల.

ఆనాటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. వర్క్‌షాపు కిటికీలోంచి పడవ బయలుదేరడం చూసేవారు; అవతలి రేవు చేరేదాకా ఇరవై రెండు నిమిషాలు ఏ పనీ చేతికి వచ్చేది కాదు. మూడు వేళ్లు పట్టే రంధ్రంలోంచి నిమిషానికి ఇరవై బిందెలకు తక్కువ కాకుండా నీళ్లు వస్తాయని లెక్క కట్టారు. మునిగేది ముందు ఇంజను. ఇంజను ఆగితే ఆటుపోటుల మధ్య పడవ అడ్డం తిరుగుతుంది. కింది అంతస్తులో కూర్చునేవాళ్లకు మెట్లు ఒక్కటే దారి. ఆవిడ సీటు కింది అంతస్తులో, కిటికీ పక్కన. వడ్డించిన అన్నం ముందు కూర్చుని కూడా ఈ లెక్కలే వేసుకునేవారు. గొట్టం ఊడకుండా ఉంటే చాలు, వాల్వు సంగతి ఎవరికీ తెలియదు అనుకుని, రోజూ సాయంత్రం ఏదో సాకుతో పడవ అడుగుకు దిగి గొట్టాన్ని వాల్వుకు పట్టి ఉంచే ఉక్కుపట్టీని పావుచుట్టు బిగించి వచ్చేవారు. వారం తిరిగేసరికి దాని పక్కనే రెండో పట్టీ వేశారు. దాన్నీ బిగించడం మొదలుపెట్టారు. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే స్థితికి వచ్చారు.

పద్దెనిమిదో రోజు సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, మాట యథాలాపంగా అన్నట్టు అన్నారు.

"రేపట్నుంచి ఎనిమిదీ నలభై పడవకి వెళ్లకూడదూ? జనం తక్కువుంటారు."

ఆవిడ కూర కలుపుతూనే, "దాంట్లో నిలబడాలండీ. ఇందులో నాకు సీటు పట్టిపెడతారు" అన్నారు.

"నిలబడితే ఏమవుతుంది? నేను చెబుతున్నాను కదా."

"ఎందుకో చెప్పండి, వెళ్తాను."

"ఎందుకేంటి? ఊరికే."

"ఊరికే అయితే మీరు పద్దెనిమిది రోజులుగా అన్నం ఎందుకు తినట్లేదు?"

ఆయన గుమ్మంలోనే కూలబడి మొత్తం చెప్పేశారు. ఆవిడ పొయ్యి ఆపి, గరిటె పక్కన పెట్టి, ఆయన ఎదురుగా కూర్చున్నారు. కోప్పడి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించిందట.

"సరే, నేను ఆ పడవ దిగిపోతాను" అన్నారు ఆవిడ. "నాకు రోజూ సీటు పట్టిపెట్టేది ఒక నర్సమ్మగారు. కడుపుతో ఉన్నానని చెప్పి తన పక్కనే కూర్చోబెట్టుకుంటారు. రేపు ఆవిడకి ఏం చెప్పమంటారు?"

ఆయన, "ఉద్యోగం పోతుందే" అన్నారు.

"పోతే పోతుంది. నాకూ భయంగానే ఉంది. కానీ మీరు చెప్పేదాకా నేను ఆ పడవే ఎక్కుతాను."

ఇది బెదిరింపు కాదని మర్నాడు ఉదయం తెలిసింది. పంతొమ్మిదో రోజు, ఎనిమిదికి పది నిమిషాల ముందే ఆవిడ టికెట్టు తీసుకుని మూడో నంబరు పడవలో తన సీటులో కూర్చున్నారు. ఆయన వర్క్‌షాపు గేటు దగ్గర జ్వరం తగ్గి పనిలోకి వస్తున్న పెద్ద మేస్త్రిగారి కోసం కాళ్లు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. ఎనిమిదైంది. మేస్త్రిగారు రాలేదు. ఎనిమిదీ మూడు. పడవ కూత ఒకటి వినిపించింది. ఎనిమిదీ అయిదుకి సైకిలు మలుపు తిరిగింది. ఆయన ఎదురుగా వెళ్లి సైకిలు హ్యాండిలు పట్టుకున్నారు. ఏం చెప్పారో, ఎలా చెప్పారో ఆయనకే గుర్తులేదు.

"ఎన్నాళ్లయింది?" అని మాత్రం అడిగారు పెద్ద మేస్త్రిగారు.

"పంతొమ్మిది రోజులు."

"ఇంకెవరికి తెలుసు?"

"మా ఆవిడకి."

"ఎక్కడుంది?"

ఆయన పడవ వైపు చెయ్యి చూపించారు. యాభై ఏడేళ్ల పెద్ద మేస్త్రిగారు సైకిలు అక్కడే పడేసి రేవు వైపు పరిగెత్తారు. ఆయన్ని పరిగెత్తగా చూసినవాళ్లు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు. తాడు విప్పబోతున్న చేతులను పట్టుకుని, "విప్పొద్దు! అందర్నీ దింపండి!" అని అరిచారు. ఆఫీసులకు ఆలస్యమవుతోందని జనం గోలగోలగా దిగారు. ఆవిడ కూడా దిగి రేవు మీద నర్సమ్మగారి పక్కన నిలబడ్డారు.

ఇద్దరూ అడుగుకు దిగారు. ఇంజను ఆడుతుండగా పెద్ద మేస్త్రిగారు పిడిని పూర్తిగా మూశారు. పైనుంచి ఎవరో, "నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి" అని కేకేశారు. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ అడిగారు. "చిమ్ముతూనే ఉన్నాయి." ఇంజను ఆపించారు. పెద్ద మేస్త్రిగారు సంచీలోంచి మొన తేలిన చెక్క బిరడా, సుత్తి తీసి కుర్రవాడి చేతిలో పెట్టి, టార్చిలైటు గొట్టం మీద వేశారు.

"ఈ రెండో పట్టీ ఎవరు వేశారు?"

"నేనే. భయమేసి... రోజూ కొంచెం బిగించాను."

పెద్ద మేస్త్రిగారు పట్టీ అంచున వేలు పెట్టారు. రబ్బరు అక్కడ నోరు తెరుచుకుంది. రోజూ పావుచుట్టు, రోజూ పావుచుట్టు బిగించిన ఆ ఉక్కుపట్టీ పన్నెండు రోజుల్లో గొట్టాన్ని ముక్కాలు వంతు కోసేసింది. వేలు తగిలిన మరుక్షణం మిగతా పావువంతూ తెగి, నీళ్లు ఆయన మొహం మీదికి కొట్టాయి. దీపం ఆరింది. "కొట్టు!" అన్న మాట వినిపించింది. వాల్వు నోట్లో బిరడా పెట్టి కొట్టిన మొదటి దెబ్బ బిరడాకు కాక బొటనవేలికి తగిలింది. రెండో దెబ్బా తప్పింది. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. మూడో దెబ్బకు బిరడా దిగింది, నాలుగు, అయిదు దెబ్బలకు నిలిచింది. ఆ చీకట్లో తన ఏడుపు చప్పుడు తనకే వినిపించిందని, అది ఎవరిదో మొదట పోల్చుకోలేకపోయానని ఆయన మాకు చెప్పారు. ఆ పూట పడవ రేవులోనే కట్టి ఉంది. బయలుదేరి ఉంటే ఆ గొట్టం ఏ నిమిషంలో తెగేదో ఎవరు చెప్పగలరు?

సూపరింటెండెంటుగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. సంజాయిషీ అడిగారు, ప్రొబేషన్ మరో ఏడాది పొడిగించారు. ఉద్యోగం మాత్రం నిలబడింది. దానికి కారణం పెద్ద మేస్త్రిగారు తమ నివేదికలో రాసిన రెండు వాక్యాలు. "పిడి తిరిగింది కనుక వాల్వు బాగుందని మనమందరం నమ్మాం. నమ్మనివాడు ఇతనొక్కడే, చెప్పడానికి పంతొమ్మిది రోజులు పట్టింది." ఆ కాగితం నేటికీ మన దస్త్రాలలో భద్రంగా ఉంది.

తదనంతర కాలంలో వారి ఉద్యోగ జీవితం క్రమక్రమంగా అభ్యున్నతి పథంలో సాగింది. తొంభై ఆరులో సహాయ మేస్త్రిగా, రెండువేల నాలుగులో మేస్త్రిగా, రెండువేల పదమూడులో ప్రధాన మేస్త్రిగా పదోన్నతులు పొందారు. ప్రతి వాల్వునూ ఏడాదికొకసారి పడవను ఒడ్డుకెక్కించి పూర్తిగా విప్పి చూడాలని, ప్రతి వాల్వు పక్కనా దానికి సరిపోయే బిరడా తాడుతో కట్టి ఉండాలని, సులువుగా తిరిగినదాన్ని బిగుసుకున్నదానికంటే ముందు అనుమానించాలని వారు నెలకొల్పిన పద్ధతులు నేడు మనకు ఊపిరితో సమానం. అల్యూమినియంలో ఉక్కు బోల్టు పెట్టినచోటల్లా మధ్యన ప్లాస్టిక్ వాషరు వేయించింది వారే. ఏడాదంతా ఎవరికీ అవసరపడని తలుపులను, మూతలను, కొక్కేలను ప్రతి శుక్రవారం ఒకసారి తెరిచి మూయించింది కూడా వారే. "ఎవరికీ పని లేనిదే సార్ ముందు పట్టేసేది" అనేవారు.

ఈ బెంగ కొండొకచో హాస్యాస్పదంగా పరిణమించిందని చెప్పకపోతే మిత్రద్రోహమవుతుంది. మన ఆఫీసు బీరువా తాళానికి, లెక్కల విభాగం వారి కుర్చీ చక్రాలకు, చివరికి ఒక సహోద్యోగి గొడుగు పుల్లలకు కూడా ఆయన గ్రీజు రాశారు. ఆ గొడుగు ఆ తర్వాత పెళ్లివారింట్లో దానంతటదే తెరుచుకుంది. ఇంట్లో కుళాయిలన్నీ నెలకోసారి విప్పుతారని, స్నానం మధ్యలో నీళ్లు ఆగడం తమకు అలవాటైపోయిందని శ్రీమతిగారు మాతో చెప్పి నవ్వారు. మేమూ నవ్వేవాళ్లం. అయితే ఎనిమిదీ పది అయ్యేసరికి ఆయన ఏ మాటలో ఉన్నా ఆపి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేవారు. అప్పుడు మాత్రం ఎవరమూ నవ్వలేదు. ఆ ఇరవై రెండు నిమిషాలూ ఆయన మొహంలోకి చూడడానికి మాకే భయంగా ఉండేది.

ఆయన సేవలు మరో రెండు సంవత్సరాలు కొనసాగించాలని యాజమాన్యం నిర్ణయించిన సంగతి అందరికీ తెలుసు. వారు ఎందుకు నిరాకరించారో చాలామందికి తెలియదు. గడచిన జనవరిలో ఒక ఉదయం ఆయన మన సూపరింటెండెంటు మేడమ్ గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పారు.

"నిన్న సాయంత్రం అయిదో నంబరు పడవలో వాల్వు తిప్పాను మేడమ్. బరువుగా తిరిగిందో, సులువుగా తిరిగిందో నా చేతికి తెలియలేదు. వేళ్లు మొద్దుబారాయి. ఇంకో ఇద్దరి చేత తిప్పించి చూశాను, అది బాగానే ఉంది. నా చెయ్యే బాగాలేదు."

"ఇంతకాలం చేసిన చేతులు, కొంచెం అరగవా మేస్త్రిగారూ?" అన్నారు మేడమ్. "మీరు తిప్పక్కర్లేదు. పక్కన నిలబడి చూడండి చాలు. మీరున్నారంటే మాకు ధైర్యం."

"అదే మేడమ్ నా భయం. నేను పక్కన నిలబడి బాగుందంటే, మళ్ళీ ఎవరూ విప్పి చూడరు."

మేడమ్ బల్ల మీది పొడిగింపు కాగితాన్ని సొరుగులో పెట్టేశారు. ఆ మధ్యాహ్నమే అయిదో నంబరు పడవను ఒడ్డుకెక్కించి, ఆయన సమక్షంలో, ఆయన చెయ్యి పెట్టకుండా, వాల్వులన్నీ విప్పి చూశారు.

ఈ సంచిక కోసం శ్రీమతిగారిని కలిసినప్పుడు, ఇన్నేళ్లలో దంపతులిద్దరూ కలిసి పడవ ఎక్కినప్పుడల్లా ఆయన ఒక్క నిమిషమని చెప్పి అడుగుకు దిగేవారని, ఒడ్డు వచ్చాకే చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చేవారని, ముప్పై అయిదేళ్లలో ఒక్కసారి కూడా నది మధ్యలో తన పక్కన కూర్చోలేదని ఆవిడ చెప్పారు. బెంగ మేస్త్రిగారికి సంపూర్ణ ఆరోగ్యాన్ని, నూరేళ్ల నిండు జీవితాన్ని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాం. వాల్వులు విప్పి చూశాం, ఒకరు చూసినదాన్ని మరొకరు మళ్ళీ చూశాం, రేపూ చూస్తాం. కనుక వారు రేపు మన పడవలో టికెట్టు కొనుక్కుని ఎక్కి, ఆవిడ పక్కన కూర్చుని, ఆ ఇరవై రెండు నిమిషాలూ లేవకుండా కూర్చోవాలని వారి సహోద్యోగులందరి ప్రార్థన.